నలభై దాటాక టెక్ రంగంలో ఏ దారి ఎక్కువ కాలం నిలుస్తుంది? ఆరు మార్గాల పోలిక

సాఫ్ట్‌వేర్ రంగంలో పదిహేనేళ్లు దాటి పనిచేసినవారిలో చాలామందిని ఏదో ఒక రోజు ఈ ఆలోచన పట్టుకుంటుంది: ఈ పని ఇంకా ఎన్నేళ్లు చేయగలను, చేయగలిగినా చేయనిస్తారా? లేఆఫ్ జాబితాలో తన ఈడువారి పేర్లే ఎక్కువగా కనిపించినప్పుడు ఆ ఆలోచన భయంగా మారుతుంది. భయంలో ఉన్నవారు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. కొందరు ఇష్టం లేకపోయినా మేనేజర్ పదవిలోకి దూకుతారు, మరికొందరు ఏమీ మార్చకుండా రోజులు నెట్టుకొస్తారు. ఈ రెండూ కాక ఉన్న దారులను ఓపికగా పోల్చి చూసుకునే తీరిక చాలామందికి ఉద్యోగం పోయాకే దొరుకుతుంది, అప్పటికి ఎంచుకునే స్వేచ్ఛ సగం తగ్గిపోయి ఉంటుంది.

నేను మొదటి రకం మనిషిని. ఇక కోడ్ రాసే పని చిన్నవాళ్లదేనని చుట్టుపక్కలవాళ్లు చెబితే నమ్మి, నలభై ఒకటో ఏట మేనేజర్‌నయ్యాను. నాలుగేళ్ల తర్వాత రెండు టీములను కలిపి ఒకటి చేశారు, ఇద్దరు మేనేజర్లలో ఒకరు చాలన్నారు, ఆ ఒకరు నేను కాదు. అప్పగింతల పని చేస్తూ రిపాజిటరీలో (టీము కోడ్ అంతా దాచే చోట) నా పేరుతో ఉన్న కమిట్లను, అంటే నమోదైన మార్పులను, వెతికాను. చివరిది మూడేళ్ల రెండు నెలల కిందటిది, అది కూడా ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో టైమవుట్ విలువను 30 నుంచి 60కి మార్చిన ఒకే ఒక్క వరుస. ఆ నెలలోనే ఇంజినీరు ఉద్యోగం కోసం వెళ్లిన ఇంటర్వ్యూలో నలభై వరుసల ప్రోగ్రాం ముందుపెట్టి తప్పెక్కడుందో చెప్పమన్నారు. తప్పుందని తెలుస్తోంది గాని, ఇదిగో ఇక్కడ అని వేలుపెట్టి చూపలేకపోయాను.

ఈ వ్యాసం ఆ అనుభవం తర్వాత నేను దారులను తూచిన పద్ధతి గురించి. ఏ దారిలో గడిపిన ప్రతి ఏడూ వెనకటి ఏళ్ల మీద పేరుకుంటుంది, ఏ దారిలో కరిగిపోతుంది అన్న ప్రశ్నే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. జీతం, హోదా, కంపెనీ పేరు దాని తర్వాతే వస్తాయి.

## వయసుతో నిజంగా మారేది ఏమిటి

పోలికకు ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. మనిషి తెలివి అంతా ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గే వస్తువు కాదు. మనస్తత్వవేత్త రేమండ్ కాటెల్ దాన్ని రెండుగా విడదీసి చూశాడు. కొత్త సమస్యను అప్పటికప్పుడు విడదీసే చురుకుదనం ఒకటి, ఏళ్ల తరబడి పోగుపడిన జ్ఞానాన్ని వాడుకునే శక్తి మరొకటి. మొదటిది యౌవనంలోనే ఉచ్చస్థితికి చేరుతుంది, రెండోది చాలా ఆలస్యంగా తగ్గడం మొదలవుతుంది. 2015లో హార్ట్‌షోర్న్, జెర్మైన్ ప్రచురించిన అధ్యయనంలో కూడా ఒక్కో సామర్థ్యం ఒక్కో వయసులో శిఖరానికి చేరుతుందని తేలింది. గుర్తులను వేగంగా సరిపోల్చే శక్తి ఇరవైకి ముందే, పదసంపద అరవై దాటాక శిఖరానికి చేరుతున్నాయి.

పని దగ్గర ఇది ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూశాను. ఒక రాత్రి లెక్కలు సరిచూసే ప్రోగ్రాం ఒకే రోజు రెండుసార్లు నడిచి, ప్రతి చెల్లింపునూ రెండుసార్లు నమోదు చేసింది. నలుగురు చురుకైన ఇంజినీర్లు మూడు గంటలపాటు తాజా మార్పులన్నీ వెతికారు, ఏమీ దొరకలేదు. ఉదయం వచ్చిన యాభై నాలుగేళ్ల సహోద్యోగి లాగ్ (ప్రోగ్రాం నడిచిన తీరు నమోదయ్యే ఫైలు) కూడా తెరవకుండా ఒకే మాట అడిగారు: "ఇది స్థానిక సమయానికి నడుస్తుందా, యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) నడుస్తుందా?" వేసవి సమయం ముగియడంతో ఆ రాత్రే గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పారు, అందువల్ల రాత్రి ఒకటిన్నర అన్న సమయం రెండుసార్లు వచ్చింది, ఒకటిన్నరకు పెట్టిన పనీ రెండుసార్లు నడిచింది. ఆయన వాళ్లకన్నా వేగంగా ఆలోచించలేదు, ఇలాంటి రాత్రులను అంతకుముందు చూసి ఉన్నారంతే.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించినవారిలో ఒకరైన కెన్ థాంప్సన్ 1943లో పుట్టాడు. ఆయన పాలుపంచుకున్న గో ప్రోగ్రామింగ్ భాష రూపకల్పన 2007లో మొదలైనప్పుడు ఆయనకు 64 ఏళ్లు. బ్రయన్ కెర్నిఘన్ 80 ఏళ్ల వయసులో, 2022లో, టెక్స్ట్ ఫైళ్లను శోధించి మార్చే ఆక్ ప్రోగ్రాంకు యూనికోడ్ (అన్ని భాషల లిపులకు సంకేతాలు) మద్దతు చేర్చే కోడ్ రాశాడు. కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ 1986లో అమెరికా నౌకాదళం నుంచి విరమించేనాటికి ఆమెకు 79, ఆ తర్వాత కూడా ఒక కంప్యూటర్ కంపెనీకి సలహాదారుగా ఉంది. వీరు అసాధారణులు, వీరిని చూపి ఎవరైనా ఇలా ఉండగలరని చెప్పడం న్యాయం కాదు. అయితే వీరి నుంచి మామూలు ఇంజినీరు తీసుకోదగినది ఒకటుంది. థాంప్సన్ చేతిలో ఉన్నది 1969లో యూనిక్స్ మొదలైనప్పటి నుంచి తెగకుండా వచ్చిన దారం, కెర్నిఘన్ మెరుగుపరచినది తాను 1977లో మరో ఇద్దరితో కలిసి మొదలుపెట్టిన ఉపకరణం. ఇద్దరూ పోగుచేసుకున్నది కరిగిపోయే చోట పనిచేయలేదు.

## పోల్చడానికి వాడవలసిన అయిదు కొలమానాలు

జ్ఞానం ఆయుర్దాయం. మీరు ఇవాళ నేర్చుకుంటున్నది పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుందా? వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు, ఆటలు నడిపిన ఫ్లాష్ మీద వృత్తిని కట్టుకున్నవారి సంగతి గుర్తు చేసుకోండి. దాన్ని ఆపేస్తున్నట్టు అడోబీ 2017 జులైలో ప్రకటించింది, 2020 డిసెంబరు 31తో ముగించింది. అదే కాలంలో 1970లో కాడ్ ప్రతిపాదించిన, సమాచారాన్ని పట్టికలుగా దాచే రిలేషనల్ డేటాబేస్ నమూనా, 1972 ప్రాంతంలో రూపుదిద్దుకున్న సీ ప్రోగ్రామింగ్ భాష, 1983 జనవరి 1న ఇంటర్నెట్ పూర్వరూపమైన అర్పానెట్ అంతా మారిన టీసీపీ/ఐపీ (కంప్యూటర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) మన పనిలో చెక్కుచెదరలేదు. పైపొరల్లో ఉన్న పనిముట్లు త్వరగా మారతాయి, అడుగు పొరల్లో ఉన్నవి నిలుస్తాయి. మీ వారంలో ఎన్ని గంటలు ఏ పొర మీద ఖర్చవుతున్నాయో కాగితం మీద రాసి చూసుకుంటే చాలా విషయాలు తేటపడతాయి.

మళ్లీ పని దొరికే వీలు. ఉద్యోగం పోతే మీకు సరిపోయే ఖాళీలు ఎన్ని ఉంటాయి, వాటికి ఎలా ఎంపిక చేస్తారు? పైకి వెళ్లేకొద్దీ కుర్చీల సంఖ్య తగ్గుతుంది. వాటిలో చాలా భాగం ప్రకటనల ద్వారా కన్నా తెలిసినవారి మాట మీద నిండుతాయి.

వెనక్కి తిరిగి రాగలగడం. ఈ దారి నచ్చకపోతే రెండేళ్ల తర్వాత పాత పనికి రాగలరా, ఎంత నష్టంతో? ఈ కొలమానాన్ని దాదాపు అందరూ మరచిపోతారు. నేను మరచిపోయింది కూడా ఇదే.

ఆదాయపు నిలకడ. నెల నెలా వచ్చే మొత్తం మీద ఎందరు ఆధారపడి ఉన్నారో, అప్పులెన్ని ఉన్నాయో, రాబడి లేకుండా ఎన్ని నెలలు గడపగలరో లెక్కించుకోవాలి. దారి ఎంత గొప్పదైనా, చేతిలో మూడు నెలల ఖర్చుకు కూడా డబ్బు లేనివారికి అది అందుబాటులో లేనట్టే.

శరీరం, వేళలు. అర్ధరాత్రి ఆన్‌కాల్ (ఏదైనా ఆగిపోతే వెంటనే లేచి సరిచేసే బాధ్యత), ఖండాంతర సమావేశాలు, గంటల తరబడి తెర ముందు కూర్చోవడం ఇరవై అయిదేళ్ల శరీరానికి, యాభై ఏళ్ల శరీరానికి ఒకేలా ఉండవు.

| మార్గం | జ్ఞానం ఆయుర్దాయం | మళ్లీ పని దొరికే వీలు | వెనక్కి రావడం | ఆదాయపు నిలకడ | వేళల ఒత్తిడి |
|---|---|---|---|---|---|
| కోడ్ వదలని సీనియర్ ఇంజినీరు | అడుగు పొరల్లో ఉంటే ఎక్కువ | మధ్యస్థం | అవసరమే రాదు | మంచిది | ఎక్కువే |
| మేనేజర్ | మధ్యస్థం, చాలాభాగం కంపెనీకే పరిమితం | తక్కువ | కష్టం, ఏటేటా మరింత కష్టం | పదవి ఉన్నంతవరకు చాలా మంచిది | ఎక్కువ |
| దీర్ఘాయువు వ్యవస్థల నిపుణుడు | చాలా ఎక్కువ | ఖాళీలు తక్కువ, పోటీ కూడా తక్కువ | మధ్యస్థం | మంచిది | మధ్యస్థం |
| స్వతంత్ర కన్సల్టెంటు | మీ మీదే ఆధారపడి ఉంటుంది | పరిచయాలను బట్టి | సులభం | ఎగుడుదిగుడు | మీ చేతిలో కొంత |
| సొంత కంపెనీ | ఎక్కువ | ఫలితాన్ని బట్టి | మధ్యస్థం | తొలి ఏళ్లలో బలహీనం | అత్యధికం |
| పక్క వృత్తులు | రంగ పరిజ్ఞానాన్ని బట్టి | మధ్యస్థం | రెండేళ్లలోపు అయితే సులభం | మధ్యస్థం | తక్కువ |

ఇందులోని మాటలు నా అంచనాలు, మీ పరిస్థితిని బట్టి ఏ గడి అయినా మారవచ్చు.

## కోడ్ వదలకుండా పైకి వెళ్లడం

స్టాఫ్ ఇంజినీరు, ప్రిన్సిపల్ ఇంజినీరు అన్న పేర్లతో ఇప్పుడు చాలా కంపెనీల్లో ఈ మెట్లు ఉన్నాయి. మనుషులను పర్యవేక్షించకుండానే హోదాలో ఎదిగే ఈ ఏర్పాటు కొత్తది కాదు, ఐబీఎం 1960ల మొదట్లోనే ఫెలో అన్న హోదాను నెలకొల్పింది. అయితే మెట్లు కాగితం మీద ఉండటం వేరు, వాటి మీద మనుషులు ఉండటం వేరు. మీ కంపెనీలో యాభై దాటి, ఎవరినీ పర్యవేక్షించకుండా, మేనేజర్‌తో సమానమైన జీతం తీసుకుంటున్నవారు ఎందరున్నారో లెక్కపెట్టండి. ఒక్కరూ కనిపించకపోతే ఆ మెట్లు మీ కోసం కట్టినవి కావు, ఈ దారి కావాలంటే కంపెనీ మారవలసి ఉంటుంది.

ఈ దారికి ఉన్న పెద్ద బలం, మీరు చేసిన పని కళ్లకు కనిపిస్తుంది. ఉద్యోగం పోయిన మరుసటి రోజు కూడా మీ చేతికి పని తెలుసు. బలహీనత ఎంపిక పద్ధతిలో ఉంది. చాలా కంపెనీలు ఇరవై ఏళ్ల అనుభవజ్ఞుడికి కూడా నలభై అయిదు నిమిషాల ఆల్గారిథమ్ పజిలే ఇస్తాయి. అది వేగాన్ని కొలుస్తుంది, అంటే వయసుతో తగ్గేదాన్నే కొలుస్తుంది. దీన్ని అన్యాయమని తిట్టుకుంటూ కూర్చోవడం కన్నా ఆరు నుంచి ఎనిమిది వారాలు రోజుకో గంట సాధన చేయడం మేలని నేను అనుభవం మీద చెబుతున్నాను. ఈ పజిళ్లలో వచ్చే రకాలు పరిమితం, సాధనతో చాలావరకు చేతికి వస్తాయి. ఒక పెద్ద వ్యవస్థను ఎలా కడతారో అడిగే సిస్టమ్ డిజైన్ ఇంటర్వ్యూకు వచ్చేసరికి తూకం మీ వైపు మొగ్గుతుంది, ఎందుకంటే అక్కడ అడిగేది ఏది ఎప్పుడు విరిగిందో చూసినవారికే బాగా తెలిసే సంగతులు.

కృత్రిమ మేధ పనిముట్లు కోడ్ రాసే ఈ రోజుల్లో ఈ దారి మూసుకుపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. యంత్రం గంటలో వెయ్యి వరుసలు రాసి ఇచ్చినప్పుడు, అందులో ఏ వరుస ఆర్నెల్ల తర్వాత కొంప ముంచుతుందో పసిగట్టగలవారి అవసరం పెరుగుతుందని నా నమ్మకం. అయితే ఆ పసిగట్టే శక్తి కోడ్ చదవడం మానేయనివారికే ఉంటుంది. ఎప్పుడో రాశాను కదా అన్న ధీమా నలభై వరుసల ముందు కూడా నిలబడదని నాకు తెలిసివచ్చింది.

## మేనేజర్ కావడం

ఈ దారి గురించే ఎక్కువ రాయవలసి ఉంది, ఎందుకంటే భద్రత పేరుతో ఎక్కువమంది వెళ్లేది ఇటే. మనుషులు ఎదగడం చూసి నిజంగా సంతోషించేవారికి, ఇద్దరి మధ్య తగవు తీర్చి ఇంటికి వెళ్తే ఆ రోజు మంచి పని చేశామనిపించేవారికి ఇది చక్కని వృత్తి. అటువంటివారు వయసు గురించి ఆలోచించకుండా దీన్ని ఎంచుకోవచ్చు. నేను మాట్లాడుతున్నది కోడ్ రాసే పనిలో వయసు మీద పడుతుందేమోనన్న భయంతో వెళ్లేవారి గురించి.

వారు గమనించవలసిన మొదటి సంగతి, ఖర్చు తగ్గించుకోవాలనుకున్న కంపెనీ కన్ను మధ్య స్థాయి మేనేజర్ల మీద కూడా పడుతుంది. 2023లో మెటా తన నిర్వహణ అంచెలను తగ్గించి, కొందరు మేనేజర్లను మళ్లీ ఇంజినీర్ల పనికి పంపింది. 2024 సెప్టెంబరులో అమెజాన్, 2025 తొలి త్రైమాసికం ముగిసేసరికి మేనేజర్లతో పోలిస్తే మామూలు ఉద్యోగుల నిష్పత్తిని కనీసం 15 శాతం పెంచాలని తన విభాగాలను ఆదేశించింది. పదిమంది ఇంజినీర్లకు ఒక మేనేజర్ ఉంటాడనుకుంటే, ఇంజినీరుకు పది ఖాళీలున్న చోట మేనేజర్‌కు ఒకటే ఉంటుంది, దానికీ లోపలివారిలోనే ఒకరిని ఎక్కించడం కంపెనీలకు సులభం.

రెండో సంగతి, మేనేజర్ పోగుచేసుకునే జ్ఞానంలో చాలా భాగం ఆ కంపెనీ గోడల మధ్యనే చెల్లుతుంది. ఏ విభాగాధిపతికి ఏ నివేదిక ఎలా చూపాలి, బడ్జెట్ అడగడానికి ఏది సరైన సమయం, ఎవరి మాటకు ఎక్కడ విలువుంది అన్నవి ఏళ్లు పట్టి నేర్చుకునే విషయాలే, కానీ గేటు దాటగానే వాటికి విలువ లేదు. మనుషులను ఎంచుకోవడం, కష్టమైన మాటను నొప్పించకుండా చెప్పడం, ప్రణాళిక తప్పుతున్నప్పుడు ముందే కనిపెట్టడం వంటివి మాత్రం ఎక్కడికైనా వెంట వస్తాయి. మీ వారంలో ఈ రెండు రకాల పనులు ఏ పాళ్లలో ఉన్నాయో చూసుకోవాలి.

మూడోది వెనక్కి రావడం. మొదటి ఏడాదిలోపు తిరిగి వస్తే దాదాపు ఏ నష్టమూ ఉండదు, రెండో ఏడు కాస్త చెమటోడ్చవలసి వస్తుంది, మూడో ఏడు దాటితే చేతివాటం పోయిందని ఎదుటివారికన్నా ముందు మీకే తెలుస్తుంది. అందువల్ల ఈ దారిలో వెళ్లేవారు వారానికి కనీసం నాలుగు గంటలు కోడ్ చదవడానికి, ఇతరుల మార్పులను సమీక్షించడానికి, గడువు ఒత్తిడి లేని చిన్న పనులు స్వయంగా చేయడానికి కేటాయించుకోవాలి. గడువున్న పనిని నెత్తిన వేసుకుంటే మీ సమావేశాల వల్ల టీమంతా ఆగిపోతుంది, కాబట్టి చిన్న పనులే తీసుకోవాలి.

## దీర్ఘాయువు ఉన్న వ్యవస్థల్లో లోతుగా దిగడం

నాకు అన్నిటికన్నా తక్కువ అంచనా వేయబడిన దారిగా తోచేది ఇదే. బ్యాంకులు, బీమా, విమానయానం, విద్యుత్తు, టెలికాం, వైద్య పరికరాలు, ప్రభుత్వ రికార్డులు నడిచే వ్యవస్థలు ఒకసారి నిలబడితే దశాబ్దాలు నడుస్తాయి. కోబాల్ ప్రోగ్రామింగ్ భాష రూపకల్పన 1959లో మొదలైంది. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 వంశంలోని మెయిన్‌ఫ్రేములు (పెద్ద సంస్థల లెక్కలు నడిపే భారీ కంప్యూటర్లు) ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవారు వచ్చి సాయపడాలని అమెరికాలోని న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా కోరవలసి వచ్చింది.

కోబాల్ ఒక ఉదాహరణ మాత్రమే, నలభై అయిదో ఏట దాన్ని కొత్తగా నేర్చుకోమని నా సలహా కాదు. డేటాబేస్ అంతర్భాగాలు, నెట్‌వర్కింగ్, లైనక్స్ కెర్నల్, ఎంబెడెడ్ వ్యవస్థలు (పరికరాల లోపల ఉండే కంప్యూటర్లు), భద్రత, చెల్లింపుల వ్యవస్థలు కూడా ఈ కోవలోనివే. వీటికొక క్యాలెండరు కూడా ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కించే పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న లెక్క పట్టదు. ఫ్యాక్టరీ నియంత్రణ యంత్రాల్లోను, ఎక్కడో గోడకు బిగించిన పరికరాల్లోను దాగిన అటువంటి లెక్కలను వెతికి సరిచేసే పని అప్పటిదాకా ఉంటుంది, ఇప్పుడు నలభై అయిదేళ్లున్నవారు చాలామంది అప్పటికీ ఉద్యోగ వయసులోనే ఉంటారు.

ఇక్కడ వయసు మీద అనుమానం తక్కువ, ఎందుకంటే పక్కనున్నవారు కూడా పెద్దవారే. ఏ మార్పు ఎందుకు చేశారో గుర్తున్న మనిషికి విలువుంటుంది. అయితే నష్టాలను దాచడం మంచిది కాదు. ఖాళీలు తక్కువ, అవి కొన్ని నగరాల్లోను కొన్ని పెద్ద సంస్థల్లోను మాత్రమే ఉంటాయి. మార్పులు నెమ్మదిగా జరుగుతాయి, ఒక చిన్న సవరణకు మూడు అంచెల ఆమోదం కావాలి. ఎవరూ రాసిపెట్టని పాత కోడ్ మధ్య నెలల తరబడి ఒంటరిగా తిరగవలసి రావచ్చు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఒకే సంస్థ సొంతంగా తయారుచేసుకున్న వ్యవస్థలో నిపుణులు కావడం. ఆ సంస్థ దాన్ని మార్చేస్తే మీ నైపుణ్యం దానితోనే పోతుంది. నలుగురైదుగురు వేర్వేరు యజమానులు వాడే వ్యవస్థనే ఎంచుకోండి.

## స్వతంత్ర కన్సల్టెంటు

ఉద్యోగిగా తీసుకోవడానికి యాభై రెండేళ్లు ఎక్కువనుకునే సంస్థే, అదే మనిషి కన్సల్టెంటుగా వస్తే నెరిసిన జుట్టును అర్హతగా చూస్తుంది. వింతగా ఉన్నా ఇది నిజం. సంస్థ అప్పుడు కొంటున్నది ఇరవై ఏళ్ల భవిష్యత్తును కాదు, ఆరు వారాల తీర్పును.

కష్టం పని చేయడంలో కన్నా పని తెచ్చుకోవడంలో ఉంది. సమయంలో మూడో వంతు క్లయింట్లతో మాట్లాడటానికి, ప్రతిపాదనలు రాయడానికి, ఇన్‌వాయిస్‌ల సొమ్ము రాబట్టుకోవడానికి పోతుందని ముందే లెక్కవేసుకోవాలి. మొదటి మూడు పనులు దాదాపు ఎప్పుడూ పాత సహోద్యోగుల ద్వారానే వస్తాయి, కాబట్టి ఒక పరీక్ష పెట్టుకోండి. గత పదేళ్లలో మీతో పనిచేసి, ఇప్పుడు వేరే చోట నిర్ణయాలు తీసుకునే స్థానంలో ఉండి, మీరు ఫోన్ చేస్తే ఎత్తేవారి పేర్లు పదిహేను రాయగలరా? రాయగలిగితే ఈ దారి తెరిచే ఉంది. అయిదు దగ్గర ఆగిపోతే, ముందు ఒక ఏడాది పాత పరిచయాలను పునరుద్ధరించుకోవాలి. ఒకే క్లయింటు నుంచి సగానికి మించి ఆదాయం వస్తున్నప్పుడు మీరు సెలవులు, బీమా లేని ఉద్యోగి అన్నమాటే.

## సొంత కంపెనీ, పక్క వృత్తులు

స్టార్టప్ అంటే ఇరవై రెండేళ్ల కుర్రవాళ్ల పని అన్నది అపోహ. అమెరికా జనాభా లెక్కల విభాగపు సమాచారంతో అజౌలే, జోన్స్, కిమ్, మిరాండా చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, ప్రతి వెయ్యింటిలో అత్యంత వేగంగా ఎదిగిన ఒక్క కంపెనీ చొప్పున చూస్తే, వాటి స్థాపకుల సగటు వయసు 45 అని తేలింది. అదే రంగంలో ముందే పనిచేసిన అనుభవం ఉన్నవారికి గెలుపు అవకాశాలు పెరిగాయని కూడా అది చూపింది. మోరిస్ చాంగ్ 1987లో టీఎస్ఎంసీని స్థాపించేనాటికి 55 ఏళ్లవాడు, సెమీకండక్టర్లలో అప్పటికే దశాబ్దాల అనుభవం ఉన్నవాడు. అయినా గెలిచినవారి సగటు వయసు 45 అంటే నలభై అయిదేళ్లవారు గెలుస్తారని అర్థం కాదు, చాలా స్టార్టప్‌లు ఏ వయసువారివైనా మూతపడతాయి. రెండేళ్లు జీతం లేకుండా గడపలేనివారు ఈ దారి పట్టకూడదు.

ప్రాడక్ట్ మేనేజర్, ప్రీసేల్స్ ఇంజినీరు (కొనబోయేవారికి ఉత్పత్తిని వివరించి చూపేవారు), టెక్నికల్ రైటర్, శిక్షకుడు వంటి పక్క వృత్తుల గురించి చెప్పవలసింది తక్కువ. మీ బలం ఒక రంగం గురించిన అవగాహనలోనో, క్లిష్టమైనదాన్ని తేలికగా చెప్పడంలోనో ఉంటే ఇవి మీకు సహజంగా కుదురుతాయి. ప్రీసేల్స్‌లో మాత్రం ప్రయాణాలు ఎక్కువ, శిక్షకుల ఆదాయం సాధారణంగా తక్కువ.

## ఎవరికి ఏది

ముప్పై అయిదు నుంచి నలభై రెండు మధ్య ఉండి, ఉద్యోగం స్థిరంగా ఉన్నవారు తొందరపడి పదవి మార్చకుండా, వారంలో కొన్ని గంటలను పైపొరల నుంచి అడుగు పొరలకు మళ్లించుకోవాలి. మేనేజర్ పని మీద కుతూహలం ఉంటే ఒక చిన్న టీమును ఏడాదిపాటు నడిపి చూసి, ఏడాది చివర ఉండాలా తిరిగి రావాలా అన్నది ఖచ్చితంగా తేల్చుకోవాలి. తేల్చుకోకపోవడం కూడా నిర్ణయమే అవుతుంది, అది మీరు తీసుకున్నది కాకపోవచ్చు.

నలభై అయిదు చుట్టుపక్కల ఉండి, కుటుంబ బాధ్యతలు, అప్పులు ఉన్నవారికి సీనియర్ ఇంజినీరు దారి, దీర్ఘాయువు వ్యవస్థల దారి రెండూ కలిసిన చోటు అన్నిటికన్నా క్షేమం. కన్సల్టింగ్ మీద మనసుంటే ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకునేదాకా ఆగడం మంచిది. ఈలోగా ఉద్యోగ ఒప్పందం అనుమతిస్తే ఒక చిన్న పని చేసి చూడవచ్చు.

చాలా ఏళ్లుగా మేనేజర్‌గా ఉండి, చేతిపని పోయినవారు ఇంజినీరుగా తిరిగి రావచ్చు, నాకు అందుకు పట్టిన కాలం తొమ్మిది నెలలు. మొదటి మూడు నెలలు రోజూ ఉదయం రెండు గంటలు ఒక ఓపెన్‌సోర్స్ (ఎవరైనా చదివి సవరణలు పంపగల) డేటాబేస్ కోడ్ చదివాను, తర్వాత చిన్న చిన్న తప్పులు సరిచేసి పంపాను. మొదటి సవరణను నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు మూడుసార్లు తిప్పి పంపాడు, అతను చెప్పినవన్నీ సరైనవే. హోదాలో ఒక మెట్టు దిగి చేరాను. ఆ దిగడం బాధించింది, అయితే రెండేళ్లలో ఆ మెట్టు తిరిగి వచ్చింది. ఒక మెట్టు దిగడానికి సిద్ధపడలేనివారు మేనేజర్ దారిలోనే చిన్న కంపెనీలకు మారడాన్ని ఆలోచించాలి, అక్కడ మేనేజర్ కూడా కోడ్ ముట్టుకోక తప్పదు.

పిల్లల కోసమో, పెద్దల సేవ కోసమో కొన్నేళ్లు విరామం తీసుకున్నవారు, వీరిలో ఎక్కువమంది స్త్రీలే, వయసుతోపాటు విరామానికి కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. వారికి అడుగు పొరల జ్ఞానమే పెద్ద అండ, ఎందుకంటే అయిదేళ్లలో ఫ్రేమ్‌వర్కులు మారిపోయినా డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ మారదు. విరామం తర్వాత తిరిగి వచ్చేవారి కోసం కొన్ని పెద్ద సంస్థలు ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నాయి, సాధారణ ప్రకటనల కన్నా ముందు వాటిని వెతకడం మంచిది.

యాభై దాటి, ఇప్పుడే ఉద్యోగం పోయినవారు మొదట చూసుకోవలసింది కంపెనీ చేతిలో పెట్టిన కాగితాలను. అమెరికాలో 1967 నాటి చట్టం, ఇరవై లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో నలభై, ఆపై వయసువారిని వయసు కారణంగా వివక్షకు గురిచేయడాన్ని నిషేధిస్తుంది. ఈ చట్టం కింద ఉన్న హక్కులు వదులుకుంటున్నట్టు ఉద్యోగితో సంతకం చేయించాలంటే, 1990 నాటి సవరణ ప్రకారం ఆలోచించుకోవడానికి 21 రోజులు, సామూహిక తొలగింపు అయితే 45 రోజులు ఇవ్వాలి. సంతకం చేశాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. ఐరోపా సమాఖ్యలో 2000 నాటి ఆదేశం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధిస్తున్నాయి. మీ దేశంలో రక్షణ ఎంతవరకు ఉందో కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదిని అడిగి తెలుసుకోండి, అప్పటిదాకా సమావేశ గదిలోనే సంతకం పెట్టకండి.

తర్వాతి పని రెజ్యూమె. గత పన్నెండు, పదిహేనేళ్ల పనిని వివరంగా రాసి, అంతకుముందటిది రెండు వరుసల్లో ముగించండి. పట్టా పుచ్చుకున్న సంవత్సరం రాయనక్కర లేదు. ప్రతి పని కింద వాడిన పనిముట్ల జాబితాకు బదులు, ఏది విరిగింది, మీరేం చేశారు, ఆ తర్వాత ఏం మారింది అన్న మూడు సంగతులు రాయండి. దరఖాస్తులు మొదలుపెట్టే ముందే ఇంతకుముందు చెప్పిన పదిహేను పేర్ల కాగితం తీసి, రోజుకు ఇద్దరికి ఫోన్ చేయండి. ఉద్యోగం ఇప్పించమని అడగవద్దు, వారి దగ్గర ప్రస్తుతం ఏ సమస్య తెగకుండా సతాయిస్తోందో అడగండి. నా ఇప్పటి ఉద్యోగం అటువంటి పదకొండో ఫోన్‌లో మొదలైంది. అవతలి మనిషి చెప్పిన సమస్య, రాత్రిపూట రెండుసార్లు నడుస్తున్న ఒక ప్రోగ్రాం.